సంస్థ పెట్టే ముందు, అర్జీ మీద ఎవరి సంతకం ఉందో చూడండి

రాయదుర్గం దగ్గరి ఒక పల్లె నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఆయన అనంతపురంలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నారు. పదకొండు మంది స్నేహితులతో కలిసి రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఊళ్లు తిరుగుతూ, పింఛన్లు, రేషన్ కార్డులు, తాగునీటి కోసం అర్జీలు రాసి పెడుతున్నారు. నలభై దాకా పనులు అయ్యాయట. ఇప్పుడు సంస్థను రిజిస్టర్ చేయించి, ఉద్యోగం వదిలి పూర్తిగా ఇందులోకి దిగాలని ఉంది. నిధులు ఎలా వస్తాయి, పార్టీలకు దూరంగా ఎలా ఉండాలి, మళ్లీ మొదలుపెడితే మీరు ఏమి మార్చుకుంటారు అని అడిగారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇప్పుడే రిజిస్టర్ చేయించవద్దు, ఉద్యోగం అసలే వదలవద్దు. ఆ నలభై అర్జీలు బయటికి తీసి, వాటిలో ఎన్నింటిని ఆ కష్టం ఉన్న మనిషే సంతకమో వేలిముద్రో వేసి, స్వయంగా ఆఫీసుకు తీసుకెళ్లి ఇచ్చారో లెక్కపెట్టండి. పదికి లోపు ఉంటే మీది ఇంకా సంస్థ కాదు, మీరు డబ్బు తీసుకోని మధ్యవర్తులు. మాట కటువుగా ఉందని తెలుసు. ఆరేళ్లు నేనూ అలాంటి మధ్యవర్తినే కాబట్టి అనగలుగుతున్నాను.

కళ్యాణదుర్గం, కంబదూరు, కనగానపల్లి వైపు ఊళ్లలో 2003 నుంచి 2024 దాకా ఒక చిన్న సంస్థను నడిపాను. బాగా నడిచిన రోజుల్లో 34 ఊళ్లు, జీతం తీసుకునేవాళ్లం ముగ్గురం. అంతకు మించి ఎన్నడూ పెరగలేదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఆర్‌డీటీని, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును మొదలుపెట్టిన జిల్లా ఇది. ఇక్కడ సంస్థ అంటే ఇళ్లు కట్టిస్తుంది, ఆసుపత్రి నడుపుతుంది, పిల్లలను చదివిస్తుంది అని జనానికి ఒక లెక్క ఉంది. మా బోర్డు చూసి వచ్చినవాళ్లు మొదట అడిగేది కూడా "మీరేమి ఇస్తారమ్మా?" అనే. మేము ఏమీ ఇవ్వం, ప్రభుత్వం ఇవ్వాల్సినదాన్ని అడగడానికి మీకు తోడు వస్తాం అంటే సగం మంది లేచి వెళ్లిపోయేవారు. మిగిలిన సగంతోనే పని. ఈ తేడా మీకు స్పష్టంగా ఉండాలి. సేవ చేసే సంస్థకు లెక్క సులువు, ఎంత మందికి ఏమిచ్చామో రాసుకుంటే చాలు. హక్కుల పనిలో పింఛను వచ్చిందంటే అది ప్రభుత్వం ఇచ్చింది. మన ఖాతాలో రాసుకోవడానికి ఏముంటుంది? ఇక్కడే నేను తప్పటడుగు వేశాను.

ఒక అవ్వ వితంతు పింఛను ఆగిపోయింది. అర్జీ నేనే రాశాను, సంస్థ లెటర్‌హెడ్ మీద, కింద నా సంతకం. ఆమె పేరు మధ్యలో ఎక్కడో ఒక వాక్యంలో ఉంది. ఇద్దరం కలిసి మండల ఆఫీసుకు వెళ్లాం. లోపలికి పిలిచారు. అధికారి నన్ను చూసి "రండి మేడం" అని కుర్చీ చూపించారు. ఆ గదిలో ఖాళీగా ఉన్న కుర్చీ అదొక్కటే. నేను కూర్చున్నాను. అవ్వ తలుపు దగ్గర, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇరవై నిమిషాలు నిలబడే ఉంది. ఆమె సమస్య గురించి మేమిద్దరం మాట్లాడుకున్నాం. ఆయన ఆమెను ఒక్క మాట అడగలేదు, నేనూ ఆమె వైపు తిరగలేదు. పింఛను మళ్లీ వచ్చింది. బయటికి వచ్చాక అవ్వ నా చేయి పట్టుకుని "నువ్వు పెద్దదానివి అయిపోయావు తల్లీ, కుర్చీ వేస్తున్నారు" అంది. ఎగతాళి కాదు, నిజంగానే సంతోషపడింది.

ఆ తర్వాత నాకు డెంగ్యూ వచ్చి రెండు నెలలు మంచం దిగలేదు. ఆ రెండు నెలల్లో 34 ఊళ్ల నుంచి ఒక్క అర్జీ కూడా ఆఫీసు గడప ఎక్కలేదు. అందరూ నేను లేచేదాకా ఎదురుచూశారు. మేము పెట్టింది ఇంకో ఆఫీసు, దాంట్లో నేను ఇంకో అధికారిని. తేడా అల్లా లంచం అడగకపోవడమే.

ఆరో ఏట పద్ధతి మార్చాం. అర్జీ ఎవరిదో వారే చెప్తారు, మా కార్యకర్త వారి మాటల్లోనే రాస్తారు, చదివి వినిపిస్తారు, వారే సంతకం పెడతారు. లెటర్‌హెడ్ వాడం. వారితో పాటు అదే ఊరి నుంచి, ఇంతకుముందు పని అయినవాళ్లు ఒకరు తోడు వెళ్తారు. మేము వెళ్లాల్సి వస్తే వెనుక నిలబడతాం. ఇచ్చిన ప్రతి కాగితానికి తేదీతో రశీదు తీసుకోకుండా ఆఫీసు మెట్లు దిగకూడదు. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే కార్యక్రమాన్ని ఒకప్పుడు గ్రీవెన్స్ అన్నారు, తర్వాత మీ కోసం అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. పేర్లు మారాయి గానీ సోమవారం మారలేదు, రశీదు విలువా మారలేదు. రశీదు నంబరు పట్టుకుని రెండోసారి వచ్చిన మనిషితో ఆఫీసు మాట్లాడే తీరే వేరు.

పద్ధతి మార్చిన మొదటి ఏడాది మా "ఫలితాలు" సగానికి పడిపోయాయి. నిధులిచ్చేవాళ్లు ఎందుకని అడిగారు. మీకూ ఆ దెబ్బ తగులుతుంది. నలభై అయిన చోట పదిహేను అవుతాయి. తట్టుకోగలరా అని ముందే మీ పదకొండు మందిని అడిగి చూసుకోండి. కుర్రవాళ్లకు పని త్వరగా అవుతుంటేనే ఉత్సాహం, అది తప్పని అనను.

సాక్ష్యం సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలో తాగునీరు ఉంది. వేసవిలో మా ఊళ్లలో ఒకదానికి రోజుకు ఆరు ట్యాంకర్లు తోలుతున్నట్టు కాగితాల్లో ఉండేది. వచ్చేవి మూడు, ఒక్కోరోజు రెండు. అందరికీ తెలుసు, అందరూ తిట్టుకుంటారు, అంతటితో సరి. ఆ ఊళ్లో ఒక పెద్దామె మాత్రం ట్యాంకరు వచ్చినప్పుడల్లా తన ఇంటి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది. రోజుకో వరుస, ట్యాంకరుకో గీత. నెల తిరిగేసరికి గోడ నడుమెత్తు దాకా నిండింది. ఉగాదికి సున్నం వేస్తామంటే కొడుకును వేయనివ్వలేదు. మేము ఆ లెక్కతో ఆఫీసుకు వెళ్తే అక్కడి అధికారి "గోడను ఫైలులో ఎలా పెట్టమంటారమ్మా?" అన్నారు. వెటకారంగానే అన్నారు కానీ, ఆయన అన్నది తప్పు కాదు.

మరుసటి నెల బడి పిల్లల నోటుపుస్తకం ఒకటి కొన్నాం. తేదీ, వేళ, బండి నంబరు. డ్రైవర్లు సంతకం పెట్టబోమన్నారు, వారి ఇబ్బంది వారిది. దాంతో ఆ ట్యాంకరు దగ్గర బిందెలు నింపుకున్న ఇద్దరు ఆడవాళ్లు సంతకం పెట్టేవారు. ఇంకోపక్క సమాచార హక్కు చట్టం కింద ట్యాంకర్ల ట్రిప్పుల రిజిస్టరు, బిల్లుల నకళ్లు అడిగాం. మన రాష్ట్రంలో ఈ దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు అదీ కట్టనక్కరలేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. మాకు అప్పీలుకు వెళ్లాకే కాగితాలు వచ్చాయి. నోటుపుస్తకం పక్కన రిజిస్టరు నకలు పెట్టి, రచ్చకట్ట మీద ఇద్దరు అమ్మాయిలు రోజు రోజుగా చదివారు.

చివరికి ఏమైందంటే, ట్యాంకర్లు ఐదయ్యాయి. ఆరు కాలేదు. పాత బిల్లుల డబ్బు వెనక్కి రాలేదు, ఎవరి మీదా చర్య లేదు. ఇలాంటి గెలుపులే ఎక్కువ వస్తాయి, అలవాటు పడండి.

బిగ్గరగా చదివే పద్ధతి మా సొంతం కాదు. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. దాని వెంట వచ్చిన సామాజిక తనిఖీల్లో మస్టర్లను, అంటే కూలీల హాజరు పట్టీలను, గ్రామసభలో చదివి వినిపించడం చూసి నేర్చుకున్నాం. "మూడు లక్షల తేడా ఉంది" అని మైకులో చెప్తే ఎవరూ కదలరు. "ఫలానా వారంలో నువ్వు ఆరు రోజులు మట్టి తవ్వినట్టు ఉంది, తవ్వావా?" అని పేరు పెట్టి అడిగితే వెనుక వరుసలో బీడీ కాలుస్తున్నవాడు కూడా లేచి నిలబడతాడు. మీ సభల్లో మొత్తాలు చెప్పకండి, పేర్లు చదవండి.

సమాచార హక్కు దరఖాస్తు ఒక్కరి చేత పెట్టించవద్దు. దరఖాస్తు మీద పేరు, చిరునామా ఉంటాయి, అవి ఊళ్లోకి చేరడానికి ఒక పూట చాలు. మా కార్యకర్త ఒకతను ఒంటరిగా రోడ్డు పని బిల్లులు అడిగాడు. వారం తిరగకముందే అతని చీనీ తోటలో డ్రిప్ పైపులు వరుసగా కోసేసి ఉన్నాయి. ఎవరు కోశారో ఊరందరికీ తెలుసు, సాక్షి ఒక్కరూ లేరు. పోలీసు ఫిర్యాదు అతను వద్దన్నాడు. పైపుల ఖర్చు మేము చందాలు వేసుకుని ఇచ్చాం, కానీ అతను మళ్లీ మా మీటింగుకు రాలేదు. నేనతన్ని తప్పుపట్టను. అప్పటి నుంచి ఏ దరఖాస్తయినా ఐదారుగురు వేర్వేరుగా, వీలైతే వేర్వేరు ఊళ్ల నుంచి పెట్టాలనేది నియమం.

ఇక డబ్బు. విదేశీ విరాళాల మీద ఆశ ఉంటే ఇప్పటికి పక్కన పెట్టండి. వాటిని తీసుకోవడానికి ఎఫ్‌సీఆర్ఏ అనే కేంద్ర చట్టం కింద వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి, దానికి సంస్థ పుట్టి కనీసం మూడేళ్లు కావాలి, గత మూడేళ్లలో కార్యక్రమాల మీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. అది వచ్చినా భద్రత లేదు. మాకు ఆ రిజిస్ట్రేషన్ ఉండేది, డబ్బు మాత్రం ఒక పెద్ద సంస్థ ద్వారా వచ్చేది. 2020 సెప్టెంబరులో చట్టం సవరించి, విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. ముగ్గురి జీతాల్లో రెండు ఆ నెలతో ఆగిపోయాయి. కరోనా కాలం, బెంగళూరు వలస వెళ్లినవాళ్లు తిరిగొచ్చి ఊళ్లు నిండి ఉన్నాయి, పని ఎక్కువగా ఉన్నప్పుడే మనుషులను పంపించాల్సి వచ్చింది. కంపెనీల సామాజిక బాధ్యత నిధులూ ప్రయత్నించాం. బడి సంచులకు ఇస్తారు, నీటి శుద్ధి ప్లాంటుకు ఇస్తారు. ట్యాంకరు బిల్లులు ఎందుకు తప్పుగా ఉన్నాయో అడిగే పనికి ఇవ్వరు. వాళ్లూ ఆ ఆఫీసుల చుట్టూ తిరగాల్సినవాళ్లే కదా.

నిలబడింది ఊళ్ల డబ్బు. కుటుంబానికి ఏడాదికి 50 రూపాయలు, వేరుశనగ నూర్చినప్పుడు కళ్లం దగ్గర ఇష్టమున్నవారు ఒక చేట కాయలు. పంట పోయిన ఏడాది చేటలూ ఉండవు, అడగనూ కూడదు. మంచి ఏడాదిలో కాయలు అమ్మినది, చందా కలిపి 31 వేలు వచ్చాయి. జీతాలకు చాలదు. బస్సు ఛార్జీలకు, జిరాక్సులకు, సోమవారం కలెక్టరేటుకు వెళ్లినవారి మధ్యాహ్న భోజనానికి చాలుతుంది. ఆ డబ్బు లెక్క ఏటా సభలో చదివేవాళ్లం. విదేశీ నిధుల ఆడిట్ రిపోర్టు గురించి ఒక్క ప్రశ్న అడగనివాళ్లు, "జిరాక్సులకు అంతెందుకైంది?" అని నన్ను నిలదీశారు.

ఊళ్లోని పెద్ద రైతుల సాయం గురించి ఒక జాగ్రత్త. మా మహాసభకు ఒకాయన షామియానా వేయించి, రెండు వందల మందికి భోజనాలు పెట్టించారు. మంచి మనిషే. మరుసటి ఏడాది ఎస్సీ కాలనీ శ్మశానం హద్దుల కోసం సర్వే చేయిస్తే, పోయిన స్థలం ఆయన చేలోనే తేలింది. సర్వేయరు హద్దురాయి దగ్గర నిలబడి నా ముఖం చూస్తున్నారు, కాలనీ వాళ్లు నా ముఖం చూస్తున్నారు. నోట మాట రావడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఆ కాస్త సమయాన్ని కాలనీ వాళ్లు చూశారు. స్థలం తిరిగి వచ్చింది, నమ్మకం తిరిగి రావడానికి మాత్రం ఇంకో రెండేళ్లు పట్టింది.

పార్టీలకు దూరంగా ఎలా అన్నారు. మన సీమ పల్లెల్లో పూర్తి దూరం సాధ్యం కాదు, మీ పదకొండు మంది ఇళ్లకూ ఏదో ఒక వర్గం ఉంటుంది. 2021 పంచాయతీ ఎన్నికల్లో మా కమిటీ సభ్యురాలు వార్డుకు నిలబడింది. అది ఆమె హక్కు. కానీ ఆమె కమిటీలో ఉంటూనే నిలబడటంతో అవతలి వర్గం వీధి మొత్తం మా మీటింగులకు రావడం మానేసింది. నామినేషన్ వేసేవారు ముందే కమిటీకి రాజీనామా ఇవ్వాలని తర్వాత నిబంధనల్లో రాసుకున్నాం. మీరు మొదటే రాసుకోండి. రెండు వర్గాలూ తిడుతున్నాయంటే మనం సరిగ్గా ఉన్నట్టే అని కొందరు సర్దిచెప్పుకుంటారు. నేను నమ్మను. ఇద్దరి చేతా తిట్లు తింటూ కూడా తప్పు చేయవచ్చు.

ఉద్యోగం విషయం. ఈ రంగంలో త్యాగాల కథలు చెప్పేవాళ్లు ఒక సంగతి దాస్తారు, నేను దాచను. మొదటి తొమ్మిదేళ్లు మా ఇల్లు గడిచింది మా ఆయన టీచరు జీతంతో. ఆ జీతం లేకుంటే రెండో ఏడే మానేసేదాన్ని, లేదా ఏ నిధులొస్తే ఆ పని చేసేదాన్ని. మీకు అలాంటి ఆసరా ఉందో లేదో మీరు రాయలేదు. సంస్థకు కొంత డబ్బు చేతికొస్తే మొదటి జీతం మీకు కాదు, ఆ ఊళ్లలోనే ఉండే, ఇంటర్ చదివిన ఒక అమ్మాయికి ఇవ్వండి. మీరు ఆదివారం వస్తారు, ఆమె తలుపు మంగళవారం రాత్రి ఎనిమిదింటికి కూడా తడతారు. ఆడవాళ్లు చేలనుంచి వచ్చి, వంట ముగించాకే మాట్లాడగలరు, ఆ వేళకు బయటివాళ్లకు బస్సు ఉండదు.

రిజిస్ట్రేషన్ ఎప్పటికైనా చేయిస్తారు కాబట్టి రెండు మాటలు. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. ఒకే ఇంటివాళ్లను కమిటీలో పెట్టవద్దు. చెక్కు మీద రెండు సంతకాలు, అందులో ఒకటి వేరే ఊరివాళ్లది. సంస్థ నిబంధనల్లో కార్యక్షేత్రం అని ఉన్నచోట జిల్లా పేరు రాయకండి. మేము "అనంతపురం జిల్లా" అని రాశాం. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయి కనగానపల్లి వైపు ఊళ్లు అటు వెళ్లాయి. నిబంధనలు సవరించుకోవడం ఒక తంటా, సగం అర్జీలకు పుట్టపర్తి కలెక్టరేటు దాకా బస్సులు మారడం ఇంకో తంటా.

మళ్లీ మొదలుపెడితే ఏమి మార్చుకుంటారని అడిగారు కదా. ఫోన్ నంబరు. సంస్థ బోర్డు మీద, కరపత్రాల మీద ఇరవై ఏళ్లు నా సొంత నంబరే ఉంది. 2016లో బాధ్యత ఇంకొకరికి అప్పగించి, సన్మానం కూడా చేయించుకుని ఇంటికి వచ్చాను. ఫోన్లు నాకే వచ్చేవి, నేను ఎత్తేదాన్ని. "ఆ అబ్బాయిని అడగండి" అనకుండా నేనే ఆఫీసులకు ఫోన్ చేసేదాన్ని. ఆ అబ్బాయి ఏడాదిన్నర చూసి వెళ్లిపోయాడు. తప్పు నూటికి నూరుపాళ్లు నాది. 2024లో రెండోసారి తప్పుకున్నప్పుడు ఆ సిమ్ము తీసి కొత్తగా వచ్చిన అమ్మాయి చేతిలో పెట్టాను. నాకు కొత్త నంబరు తీసుకున్నాను, అది చుట్టాలకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. మొదటి నెల ఇంట్లో ఫోన్ మోగకపోతే పిచ్చి పట్టినట్టు ఉండేది.

మీరు వచ్చే ఆదివారం కొత్త ఊరికి వెళ్లకండి. పని అయిన ఆ నలభై ఇళ్లకే మళ్లీ వెళ్లండి. పక్క వీధిలోనో పక్క ఊళ్లోనో ఇంకొకరి అర్జీకి తోడుగా, మీరు లేకుండా, మండల ఆఫీసుకు వెళ్లి రాగలరా అని ఒక్కొక్కరినీ అడగండి. చాలామంది "మాకెందుకు లేప్పా" అంటారు. వస్తామన్నవాళ్ల పేర్లు రాసుకోండి, వాళ్లు రెండు మూడుసార్లు వెళ్లి వచ్చేదాకా ఆగండి. అలాంటివాళ్లు ఏడుగురు దొరికితే వివరంగా ఇక్కడే రాయండి, రిజిస్ట్రారు ఆఫీసుకు కావాల్సిన కాగితాల సంగతి అప్పుడు చెప్తాను.